అంకెల్లో దొరకని సీజన్: జిలాంగ్ డిఫెండర్ సామ్ డి కోనింగ్, 2022

2022 మార్చి 25 రాత్రి సిడ్నీ క్రికెట్ గ్రౌండ్‌లో సిడ్నీ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడు లాన్స్ ఫ్రాంక్లిన్ తన కెరీర్‌లో వెయ్యో గోల్ కొట్టాడు. వేలాది మంది కంచె దూకి మైదానంలోకి వచ్చిపడ్డారు. ఆట చాలాసేపు ఆగిపోయింది. ఆ రాత్రి అవతలి జట్టు జిలాంగ్. ఆరు నెలలు తిరిగేసరికి, సెప్టెంబర్ 24న, అవే రెండు జట్లు ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్‌ఎల్) గ్రాండ్ ఫైనల్లో, అంటే ఛాంపియన్‌ను తేల్చే మ్యాచ్‌లో, ఎదురుపడ్డాయి. ఈసారి ఫ్రాంక్లిన్ ఖాతాలో గోల్ లేదు. మ్యాచ్ మొత్తమ్మీద అతను బంతిని తన్నినవీ, చేత్తో అందించినవీ కలిపితే ఐదు. చివరి స్కోరు జిలాంగ్ 133, సిడ్నీ 52.

ఈ రెండు తేదీల మధ్య జిలాంగ్ వెనక వరసలో ఏం కుదురుకుందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. దానికి దొరికే జవాబుల్లో ఒకటి సామ్ డి కోనింగ్, అప్పటికి 21 ఏళ్లవాడు. ఆ సీజన్ మొదలయ్యేనాటికి అతనికి సీనియర్ మ్యాచ్‌ల అనుభవం దాదాపు సున్నా. ఏడాది చివర్లో అతని మెడలో ప్రీమియర్‌షిప్ పతకం ఉంది. ఈ మధ్యలో అతను చేసిన పనిని మెచ్చుకోని విశ్లేషకుడు లేడు. కానీ ఏం చేశాడో అంకెల్లో చూపించమంటే మాత్రం చాలామంది తడుముకుంటారు. కుర్ర డిఫెండర్ల సీజన్లను అంచనా వేసే పద్ధతిలో ఉన్న ఒక లోపం ఇక్కడే బయటపడుతుంది.

ఆటతో పరిచయం లేనివారికి కాస్త నేపథ్యం. ఫుటీ అని అక్కడివాళ్లు ముద్దుగా పిలుచుకునే ఈ ఆటను క్రికెట్ మైదానాల్లాంటి కోలగా ఉండే పెద్ద మైదానాల్లోనే ఆడతారు. 2024 డిసెంబర్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి తొలి టెస్టు శతకం కొట్టిన మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండే ఏటా సెప్టెంబర్లో ఫుటీకి గుండెకాయ. ఒక్కో జట్టుకు 18 మంది. రెండు కొసల్లోనూ నాలుగేసి స్తంభాలు పాతి ఉంటాయి. మధ్య రెండు స్తంభాల నడుమ నుంచి బంతిని తన్నితే గోల్, 6 పాయింట్లు. పక్క స్తంభాల మధ్యకు పోతే బిహైండ్, 1 పాయింటు. గోల్ వైపు వెళ్తున్న బంతికి డిఫెండర్ వేలి కొస తగిలినా చాలు, ఆరు కాస్తా ఒకటి అయిపోతుంది.

రెండు నియమాలు డిఫెండర్ బతుకును శాసిస్తాయి. ఒకటి, ఈ ఆటలో ఆఫ్‌సైడ్ లేదు. ప్రత్యర్థి ఫార్వర్డ్, అంటే గోల్ కొట్టడమే పనిగా ఉన్నవాడు, ఎక్కడైనా కాచుకుని ఉండొచ్చు, డిఫెండర్ వీపు వెనక ఖాళీలోకి ఎప్పుడైనా పరుగు తీయొచ్చు. సాకర్లో లాగా అందరూ ఒక గీత దగ్గరికి జరిగి ప్రత్యర్థిని ఇరికించే వెసులుబాటు ఇక్కడ లేదు. రెండోది మార్క్. కనీసం 15 మీటర్లు ప్రయాణించిన కిక్‌ను ఇంకెవరికీ తగలకముందే గాల్లో ఒడిసి పట్టుకుంటే ఆట అక్కడ ఆగుతుంది, పట్టినవాడు తీరిగ్గా తన్నుకోవచ్చు. గోల్‌కు 40 మీటర్ల లోపల ఫార్వర్డ్ మార్క్ పట్టాడంటే సగం పని అయిపోయినట్టే. అందుకే డిఫెండర్ మొదటి ధర్మం బంతిని పట్టుకోవడం కాదు, అవతలివాడిని పట్టనివ్వకపోవడం. పిడికిలితో గుద్ది బంతిని దూరంగా పంపడాన్ని స్పాయిల్ అంటారు. చూడటానికి అందంగా ఉండదు. హైలైట్స్‌లోకి దాదాపు ఎప్పుడూ ఎక్కదు.

ఇక్కడే డిఫెండర్లలో రెండు జాతులు కనిపిస్తాయి. హాఫ్-బ్యాక్‌లో ఆడేవాడు ఒక రకం. కాస్త పొట్టి, చురుకైన పాదాలు, చక్కటి కిక్. ప్రత్యర్థి దాడి విరిగాక బంతిని ముందుకు తీసుకెళ్లే పని ఇతనిది. రెండో రకం కీ డిఫెండర్. ప్రత్యర్థి జట్టులోని పొడుగాటి గోల్ వీరుడి మీద నిలబడి కాపు కాసేవాడు. పేరుకు ఇద్దరూ డిఫెండర్లే కానీ, చేసే ఉద్యోగాలు వేరు. మొదటివాడి పని బంతి దొరికిన ప్రతిసారీ లెక్కకు ఎక్కుతుంది. రెండోవాడి పని బంతి ప్రత్యర్థికి దొరకని ప్రతిసారీ జరుగుతుంది, ఆ లెక్కను ఎవరూ రాయరు.

కుర్రాళ్లకిచ్చే రైజింగ్ స్టార్ అవార్డు చరిత్ర తిరగేస్తే ఈ తేడా కళ్లకు కడుతుంది. 1993 నుంచి ఇస్తున్న ఈ అవార్డుకు సీజన్ జరిగే ఏడాది జనవరి 1 నాటికి 21 ఏళ్లు నిండనివాళ్లు, అప్పటికి 10 మ్యాచ్‌లకు మించి ఆడనివాళ్లు అర్హులు. 2011లో గెలిచిన ఎసెండన్ ఆటగాడు డైసన్ హెప్పెల్, 2016లో సిడ్నీ ఆటగాడు కాలమ్ మిల్స్, 2017లో ఎసెండన్‌కే చెందిన ఆండ్రూ మెక్‌గ్రాత్, 2022లో కాలింగ్‌వుడ్ కుర్రాడు నిక్ డేకోస్, 2023లో నార్త్ మెల్‌బోర్న్ కుర్రాడు హ్యారీ షీజెల్, అందరూ ఆ ఏడాది ప్రధానంగా వెనక వరస నుంచి ఆడినవాళ్లే. అయితే అందరూ మొదటి జాతి. ఇదే కాలంలో కీ డిఫెండర్‌కు అవార్డు దక్కింది ఒక్కసారే, 2012లో అడిలైడ్ ఆటగాడు డేనియల్ టాలియాకు. ఆ ఏడాది అడిలైడ్ ప్రిలిమినరీ ఫైనల్ (సెమీఫైనల్ లాంటిది) దాకా వచ్చి హాథోర్న్ చేతిలో 5 పాయింట్లతో ఓడింది.

షీజెల్ ఉదాహరణ మరీ విచిత్రం. క్లబ్బులు వంతులవారీగా కుర్రాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 2022లో మూడో స్థానంలో ఎంపికైన ఇతను జూనియర్ స్థాయిలో పేరు తెచ్చుకుంది ఫార్వర్డ్‌గా. నార్త్ మెల్‌బోర్న్ అతన్ని హాఫ్-బ్యాక్‌లో నిలబెట్టింది. తొలి మ్యాచ్‌లోనే వెస్ట్ కోస్ట్ మీద 34 డిస్పోజల్స్, అంటే తన్నినవీ చేత్తో అందించినవీ కలిపి, నమోదయ్యాయి. ఆ సీజన్ చివర్లో రైజింగ్ స్టార్‌తో పాటు క్లబ్ ఉత్తమ ఆటగాడి పతకం కూడా అతనిదే. జట్టు మాత్రం మూడే మూడు మ్యాచ్‌లు గెలిచి 17వ స్థానంలో నిలిచింది. ఓడే జట్టులో హాఫ్-బ్యాక్‌కు బంతి కరవుండదు, ఎందుకంటే ఆట ఎప్పుడూ అతని ఇంటి ముందే జరుగుతుంటుంది. దీన్నిబట్టి షీజెల్ ప్రతిభను తక్కువ చేయనక్కర్లేదు. అంత ఒత్తిడిలో అంత శుభ్రంగా తన్నడం ఏ కొత్త కుర్రాడికైనా కష్టమే. కానీ 34 అనే అంకె అతని బంతి వాడకం గురించి చెబుతుంది, డిఫెన్స్ గురించి కాదు.

అంకెలు ఉబ్బడానికి ఇంకో చిన్న కారణం కూడా ఉంది. బిహైండ్ పడ్డాక గోల్ ముందు చతురస్రంలోంచి బంతిని మళ్లీ ఆటలోకి తన్నుతారు. 2019 నుంచి ఆ తన్నేవాడు ముందు తనకు తాను బంతి అందించుకునే తతంగం లేకుండా నేరుగా చతురస్రం దాటి పరుగెత్తొచ్చు. అలా బయటికొచ్చి తన్నితే అది డిస్పోజల్‌గా లెక్కలోకి వస్తుంది. చతురస్రంలోనే నిలబడి తన్నితే రాదు. జట్టులో ఈ బాధ్యత ఎవరిదైతే వారి ఖాతాలో మ్యాచ్‌కు నాలుగైదు కిక్‌లు ఊరికే చేరిపోయే అవకాశం ఉంది. ఫ్యాంటసీ లీగ్ ఆడేవాళ్లకు ఈ కిటుకు కొట్టిన పిండి. పత్రికల్లో సీజన్ నివేదికలు రాసేవాళ్లు మాత్రం దీన్ని తరచూ మరచిపోతారు.

ఇప్పుడు డి కోనింగ్ దగ్గరికి వద్దాం. 2001లో పుట్టాడు. తండ్రి టెర్రీ 1980ల్లో ఫుట్‌స్క్రే జట్టుకు ఆడాడు. అన్న టామ్ కార్ల్‌టన్‌లో రక్‌మన్‌గా, అంటే పైకి ఎగిరిన బంతిని సహచరులకు తట్టే పొడుగాటి ఆటగాడిగా, పేరు తెచ్చుకుని, 2025 సీజన్ ముగిశాక సెయింట్ కిల్డాకు మారాడు. తమ్ముణ్ని జిలాంగ్ 2019 డ్రాఫ్ట్‌లో 19వ స్థానంలో తీసుకుంది. రెండు మీటర్లు దాటిన పొడుగు, ఎత్తుకు తగ్గ చేతులు, ఆ ఎత్తువాళ్లలో అరుదుగా కనిపించే చురుకుదనం.

డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో కీ డిఫెండర్‌ను తీసుకోవడమే కాస్త సాహసం. ఈ తరం గొప్ప డిఫెండర్లలో చాలామంది చివరి వరసల్లో దొరికినవాళ్లు. బ్రిస్బేన్ ఆటగాడు హ్యారిస్ ఆండ్రూస్ 2014లో 61వ ఎంపిక. వెస్ట్ కోస్ట్ ఆటగాడు జెరెమీ మెక్‌గవర్న్ వచ్చింది రూకీ డ్రాఫ్ట్‌లోంచి, అంటే అసలు డ్రాఫ్ట్‌లో మిగిలిపోయినవాళ్లకు జరిగే ఎంపికలోంచి. జిలాంగ్‌లోనే జాక్ హెన్రీ రూకీగా మొదలైనవాడు. టామ్ స్టూవర్ట్ స్థానిక లీగ్‌లో ఆడుకుంటూ 2016లో 40వ ఎంపికగా ఆలస్యంగా అడుగుపెట్టాడు. 18 ఏళ్ల కుర్రాడిలో మంచి మిడ్‌ఫీల్డర్ కనిపించినంత తేలిగ్గా మంచి డిఫెండర్ కనిపించడు. ఎవరిని వదలాలి, ఎప్పుడు వదలాలి అన్న వివేకం పెద్దవాళ్లతో ఆడి దెబ్బలు తిన్నాకే అబ్బుతుంది.

డి కోనింగ్‌కు ఆ దెబ్బలు తినే అవకాశం కూడా సరిగ్గా దొరకలేదు. అతని మొదటి ఏడాది 2020. కొవిడ్ వల్ల రెండో అంచె పోటీ అయిన విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్ ఆ ఏడాది జరగనే లేదు. ఏఎఫ్‌ఎల్ క్లబ్బులు క్వీన్స్‌లాండ్‌కు మకాం మార్చాయి, గ్రాండ్ ఫైనల్ కూడా బ్రిస్బేన్‌లోని గబ్బాలో పెట్టారు. అక్కడ రిచ్‌మండ్ చేతిలో ఓడిన రాత్రే జిలాంగ్ దీర్ఘకాలపు మూలస్తంభం హ్యారీ టేలర్ ఆట ముగిసింది. 2021 తర్వాత లాచీ హెండర్సన్ కూడా లేడు. ఆ ఏడాది ప్రిలిమినరీ ఫైనల్లో మెల్‌బోర్న్ జట్టు జిలాంగ్‌ను 83 పాయింట్ల తేడాతో చిత్తు చేసింది. జట్టు ముసలిదైపోయిందని అందరూ తేల్చేశారు. ఆ మాటలో తప్పేం లేదు, నిజంగానే ముసలిది. మరుసటి ఏడాది గ్రాండ్ ఫైనల్ ఆడిన జిలాంగ్ జట్టు ఆ పోటీ చరిత్రలోనే సగటు వయసు అత్యధికంగా ఉన్న జట్టు. అందులో అందరికంటే చిన్నవాడు డి కోనింగ్.

2022 మొదట్లో కోచ్ క్రిస్ స్కాట్ ముందున్న ఖాళీ ఇది. అప్పటిదాకా ఆ ఖాళీని పూడుస్తూ వచ్చింది మార్క్ బ్లిట్సావ్స్. మిడ్‌ఫీల్డ్, రక్, వింగ్ ఎక్కడైనా ఆడగల ఆటగాడిని గోల్ ముందు కట్టేయాల్సి వచ్చేది. డి కోనింగ్ నిలదొక్కుకోవడంతో బ్లిట్సావ్స్‌కు ఆ కట్టు తెగింది, ముందుకెళ్లి మైదానం మధ్యలో ఆడాడు. కుర్ర డిఫెండర్ సీజన్ విలువను కొలిచేటప్పుడు ఎవరూ లెక్కవేయని మొదటి అంశం ఇదే, అతను రావడం వల్ల ఇంకొకరు ఎక్కడికి వెళ్లగలిగారన్నది. డి కోనింగ్ డిస్పోజల్స్ పట్టికలో బ్లిట్సావ్స్ పేరు ఉండదు కానీ, బ్లిట్సావ్స్ ఆ ఏడాది మధ్యలో ఆడిన ప్రతి నిమిషంలో డి కోనింగ్ వాటా ఉంది.

రెండో అంశం నిర్ణయం. కీ డిఫెండర్ పనిని దగ్గర్నుంచి చూస్తే అది కండబలం కంటే ఎక్కువగా ఒక ప్రశ్న. మైదానం మధ్యలోంచి ప్రత్యర్థి మిడ్‌ఫీల్డర్ ఒత్తిడిలో బంతిని గుడ్డిగా పైకి తన్నాడనుకుందాం. బంతి గాల్లో ఉండేది మూడు నాలుగు సెకన్లు. డిఫెండర్ పక్కన తన మనిషి ఉన్నాడు, బంతి పడేది మాత్రం పది పన్నెండు మీటర్ల అవతల, సహచరుడు కాపు కాస్తున్న ఇంకో ఫార్వర్డ్ నెత్తి మీద. తన మనిషిని వదిలి బంతి మీదకు వెళ్తే, అందుకుంటే, దాడి అక్కడితో తెగిపోయి ఎదురుదాడి మొదలవుతుంది. అందకపోతే వదిలేసిన మనిషి ఖాళీ గోల్ ముందు ఒంటరిగా మిగులుతాడు. వెళ్లకుండా నిలబడితే తప్పు పట్టేవాడు ఉండడు. కొత్తగా జట్టులోకి వచ్చిన కుర్రాళ్లు నూటికి తొంభై మంది నిలబడటాన్నే ఎంచుకుంటారు, కోచ్ తిట్లు తప్పుతాయి కాబట్టి.

డి కోనింగ్ 2022లో వెళ్లాడు. ఇంటర్‌సెప్ట్ మార్క్‌లు, అంటే ప్రత్యర్థి తన్నిన బంతిని మధ్యలో తానే పట్టేయడం, అతని ఆటకు గుర్తుగా మారాయి. పొడుగు చేతుల వల్ల రెండడుగులు ఆలస్యంగా బయల్దేరినా బంతిని అందుకోగలిగేవాడు. ఆ రెండడుగుల ఆలస్యమే అసలు వరం, కిక్ ఎటు పోతుందో స్పష్టంగా తెలిశాక కదలొచ్చు. వెళ్లకూడని చోట స్పాయిల్‌తో సరిపెట్టడం కూడా నేర్చుకున్నాడు. స్పాయిల్‌లోనూ మెళకువ ఉంది. వెనకనుంచి దూకేటప్పుడు చేతులు ఫార్వర్డ్ వీపుకు తగిలి నెట్టినట్టయితే ఫ్రీ కిక్. బంతి బదులు అతని చేతిని నరికినట్టు కొడితే ఫ్రీ కిక్. పిడికిలి బంతికి తగిలినా అది గోల్ ముందున్న గుంపులో పడితే అవతలి పొట్టి ఫార్వర్డ్‌కు పండగ. గుద్దిన బంతి అంచు గీత వైపు పోవాలి. గోల్ దగ్గర చిక్కుల్లో పడితే బంతిని కావాలని గీత దాటించి ఒక్క పాయింటుతో బయటపడే పాత ఉపాయానికి 2009 నుంచి కళ్లెం పడింది. 2008 గ్రాండ్ ఫైనల్లో హాథోర్న్ ఇదే జిలాంగ్ మీద 11 సార్లు అలా దాటించాక నియమం మార్చారు. ఇన్ని షరతుల నడుమ పాతికేళ్లు నిండనివాడు వంద కిలోల ఫార్వర్డ్‌తో వారం వారం తలపడటం మాటలు కాదు.

జిలాంగ్ సొంత మైదానం సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మెల్‌బోర్న్‌కు నైరుతిగా సుమారు 75 కిలోమీటర్ల దూరంలో ఉన్న రేవు పట్టణం జిలాంగ్. మెల్‌బోర్న్ పడమటి శివార్లలో టార్నీట్ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఆ ఊరి రైలు బాగా తెలుసు, మ్యాచ్ రోజుల్లో నీలం తెలుపు చారల జెర్సీలతో కిక్కిరిసి వచ్చేది అదే. అక్కడి కార్డీనియా పార్క్ బాగా ఇరుకైన మైదానం, వెడల్పు దాదాపు 115 మీటర్లే. వెడల్పు తక్కువైతే ప్రత్యర్థి బంతిని పక్కలకు తిప్పే దారి తగ్గుతుంది, ఇంటర్‌సెప్ట్ చేసేవాడికి చోటు కలిసొస్తుంది. ఫైనల్స్, అంటే సీజన్ చివర్లో టైటిల్ కోసం జరిగే మ్యాచ్‌లు మాత్రం ఎక్కువగా విశాలమైన మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో జరుగుతాయి. సొంతింట్లో పులి అయిన జిలాంగ్ అక్కడికి రాగానే పిల్లి అవుతుందన్న ఎగతాళి ఏళ్ల తరబడి నడిచింది. 2022లో ఆ మాట చెల్లలేదు.

ఇంతవరకూ చెప్పింది కుర్రాడికి అనుకూల వాదన. ఎదురు వాదన కూడా అంతే బలమైనది. క్రికెట్లో ఒక కొసన బుమ్రా పరుగులు బిగిస్తే రెండో కొసన బౌలర్‌కు వికెట్లు రాలుతాయి. ఫుటీలో డిఫెండర్ ఇంటర్‌సెప్ట్‌లు కూడా సగం ఇలాంటివే. ముందు వరసలో టైసన్ స్టెంగిల్ లాంటివాళ్లు తరిమితే, మధ్యలో పాట్రిక్ డేంజర్‌ఫీల్డ్, జోయెల్ సెల్‌వుడ్ మీద పడితే, ప్రత్యర్థి తలెత్తి చూసి తన్నే తీరిక దొరకదు. గుడ్డి కిక్ పైకి లేస్తుంది, గాల్లో ఎక్కువసేపు ఉంటుంది, డి కోనింగ్ చేతుల్లో పడుతుంది. గురి చూసి ఛాతీ ఎత్తులో ఫార్వర్డ్ ముందుకు వచ్చే కిక్‌ను ఎంత పొడుగు చేతులైనా ఆపలేవు. పైగా 2019 నుంచి మధ్య వృత్తంలో ఆట మొదలయ్యే ప్రతిసారీ రెండు కొసల్లోనూ ఆరుగురు ఆరుగురే ఉండాలన్న నియమం వచ్చింది. అదనపు మనిషిని ముందుగానే వెనక దాచుకునే సౌకర్యం పోయింది. ఆ క్షణంలో మిడ్‌ఫీల్డ్ ఓడితే వెనకున్నవాడు ఒంటరి.

2022 జిలాంగ్ మిడ్‌ఫీల్డ్ చాలా అరుదుగా ఓడింది. 22 మ్యాచ్‌ల్లో 18 గెలిచి పట్టికలో మొదటి స్థానం. చేసిన పాయింట్లను ఇచ్చిన పాయింట్లతో భాగించి నూటితో గుణిస్తే వచ్చే పర్సంటేజ్ 144.2. తొమ్మిదో రౌండ్‌లో సెయింట్ కిల్డా చేతిలో ఓడాక ఆ జట్టు మళ్లీ ఓడలేదు, ఫైనల్స్‌తో కలిపి వరసగా 16 విజయాలు. ఇలాంటి జట్టులో ఆడే కుర్ర డిఫెండర్ బాగా కనిపిస్తాడు, నిజమే. అతని పక్కన స్టూవర్ట్, హెన్రీ, జేక్ కొలజాష్నీ, ఐర్లండ్ నుంచి వచ్చిన జాక్ టూయీ ఉన్నారు. తప్పు చేస్తే సరిదిద్దేవాళ్లు, మైదానంలో అరిచి దారి చూపేవాళ్లు నలుగురు.

అయితే ఈ ఎదురు వాదనను పరీక్షించే సందర్భం ఒకటి ఆ సీజన్లోనే వచ్చింది. 15వ రౌండ్‌లో రిచ్‌మండ్ ఆటగాడు డియాన్ ప్రెస్టియాను ఢీకొట్టినందుకు స్టూవర్ట్ మీద నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడింది. జిలాంగ్ వెనక వరసకు అతనే మెదడు. ఎవరు ఎవరి మీద ఉండాలో, ఎవరు ఎప్పుడు వదిలి రావాలో చెప్పేది అతను. ఆ నాలుగు మ్యాచ్‌ల్లో మునుపటి ఏడాది ఛాంపియన్ మెల్‌బోర్న్ ఉంది, చార్లీ కర్నో ఆ ఏటి అత్యధిక గోల్స్ కొట్టినవాడిగా కోల్‌మన్ పతకం గెలిచిన కార్ల్‌టన్ ఉంది. నాలుగూ జిలాంగే గెలిచింది. దీన్ని పూర్తిగా డి కోనింగ్ ఖాతాలో వేయడం అన్యాయం. కానీ పెద్దల నీడలో బతికాడన్న మాటకు మాత్రం ఈ నాలుగు వారాలు అడ్డం వస్తాయి. నీడనిచ్చే పెద్ద చెట్టు లేనప్పుడు కూడా వరస చెదరలేదు. సీజన్ మొత్తంలో అతని అసలు పరీక్ష గ్రాండ్ ఫైనల్ కాదు, ఈ నాలుగు వారాలే.

ఆ ఏడు అతనికి రైజింగ్ స్టార్ నామినేషన్ దక్కింది. అవార్డు డేకోస్‌కు వెళ్లింది. ఫలితం మీద గొడవపడాల్సినదేం లేదు. అడిలైడ్‌లో ఒకే మ్యాచ్‌లో 40 డిస్పోజల్స్, 3 గోల్స్ చేసిన కొత్త కుర్రాడిని పక్కనపెట్టే న్యాయనిర్ణేత ఎవరుంటారు? కానీ డిఫెండర్ అన్న మాటను దాని అసలు అర్థంలో, అంటే ఆపేవాడు అన్న అర్థంలో తీసుకుంటే, ఆ ఏడు కుర్రాళ్లలో మెరుగైన సీజన్ డి కోనింగ్‌దే. డేకోస్‌ను వెనక ఆడించింది ఆపడానికి కాదు, ముందుకు చూస్తూ బంతి అందుకునే వీలు కల్పించడానికి. తర్వాత కాలింగ్‌వుడ్ అతన్ని మిడ్‌ఫీల్డ్‌కు తీసుకెళ్లింది. హెప్పెల్, మిల్స్ కూడా తర్వాతి కాలంలో మిడ్‌ఫీల్డ్‌లో ఆడారు. హాఫ్-బ్యాక్ స్థానం కుర్ర మిడ్‌ఫీల్డర్లకు బడి లాంటిదైపోయింది. కీ డిఫెండర్ స్థానానికి అలాంటి శిక్షణ కాలం లేదు. మొదటి మ్యాచ్ నుంచే తప్పు చేస్తే ఆరు పాయింట్లు.

ఫైనల్స్‌లో జిలాంగ్ ముందు కాలింగ్‌వుడ్‌ను 6 పాయింట్లతో గట్టెక్కింది. ప్రిలిమినరీ ఫైనల్లో బ్రిస్బేన్‌ను 120–49తో, గ్రాండ్ ఫైనల్లో సిడ్నీని 133–52తో ఓడించింది. చివరి రెండు మ్యాచ్‌ల్లో ప్రత్యర్థులు కలిపి కొట్టింది 15 గోల్స్. గ్రాండ్ ఫైనల్ మొదటి క్వార్టర్ ముగిసేసరికే 41–6. మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడిగా ఐజాక్ స్మిత్ నార్మ్ స్మిత్ పతకం అందుకున్నాడు, కొద్ది రోజులకే కెప్టెన్ సెల్‌వుడ్ ఆటకు వీడ్కోలు పలికాడు, ఆ వారం వార్తలన్నీ వాళ్లవే. ఫ్రాంక్లిన్ ఐదు డిస్పోజల్స్‌ను ఎవరో ఒక్క డిఫెండర్ పేరున రాయడం కుదరదు. మొదటి అరగంటలో బంతి సిడ్నీ ఫార్వర్డ్‌ల వైపు సరిగ్గా వచ్చిందే తక్కువ. అయినా వచ్చిన కొద్దిసార్లూ గోల్‌గా మారకుండా చూడటానికి వెనక ఎవరో ఉండాలి కదా.

2023 మరో కోణం చూపించింది. సెల్‌వుడ్ లేడు, జట్టులో ముఖ్యులు గాయాల పాలయ్యారు, ఛాంపియన్ జట్టు 12వ స్థానానికి జారి ఫైనల్స్‌కే రాలేదు. వెనక వరస మీదకు బంతి వచ్చే తీరు మారింది. గుడ్డి కిక్‌లు తగ్గి గురి చూసిన కిక్‌లు పెరిగితే ఏ ఇంటర్‌సెప్ట్ డిఫెండర్ అయినా మామూలుగా కనిపిస్తాడు. డి కోనింగ్ కూడా 2022 ఎత్తులో కనిపించలేదు. రెండో ఏడు దిగులు అని ఆస్ట్రేలియా పత్రికలు దీనికి తేలిగ్గా పేరు పెట్టేస్తుంటాయి. కుర్రాడు దిగజారాడా, అతని ముందున్న గోడ కూలిందా అన్నది విడదీసి చూడకపోతే ఆ పేరుకు అర్థం లేదు. ఇతని విషయంలో గోడ కూలడమే పెద్ద కారణం అనిపిస్తుంది.

2024లో జిలాంగ్ అతన్ని ఇంకో పనికి కూడా వాడుకుంది. రక్ స్థానంలో మనుషులు తక్కువైనప్పుడు మైదానం మధ్యకు తీసుకొచ్చి, పైకి ఎగిరిన బంతిని సహచరులకు తట్టే పని అప్పగించింది. అన్న చేసే పనే. ఎత్తు, ఎగిరే సత్తా ఉన్నాయి కాబట్టి చేయగలిగాడు. కానీ ఇందులో విశ్లేషకులు పట్టించుకోని చిన్న వైరుధ్యం ఉంది. 2022లో బ్లిట్సావ్స్‌ను గోల్ ముందు నుంచి విడిపించడానికి పనికొచ్చినవాణ్ని, రెండేళ్లకు అదే బ్లిట్సావ్స్ పంచుకునే పని కోసం గోల్ ముందు నుంచి తప్పించారు. మధ్యలో అతను గెలిచే ప్రతి బంతీ హిట్-అవుట్ పేరుతో పట్టికలోకి ఎక్కుతుంది. అతను లేని చోట వెనక వరసలో ప్రత్యర్థి పట్టే మార్క్‌లు మాత్రం అప్పుడు అక్కడ నిలబడ్డవాడి లెక్కలోకి పోతాయి.